మూడో చుక్క

ఆ ఆదివారం నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. మా అమ్మాయి తెచ్చిన ఎలుక కణాల బొమ్మల్లో రెండు చుక్కలున్న చోట మూడున్నాయని చెప్పి రాయించాను. ఒకటి రెండు బొమ్మల్లో పొరపడి ఉంటే ఇంత రాయాల్సిన పని లేదు. చాలా బొమ్మల్లో అలా చెప్పాను. కళ్లు సరిగ్గా కనపడక జరిగింది కూడా కాదు. నా కళ్లు ఎలాంటివో బాన్సువాడలో బీడీలు చుట్టే ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. కొందరైతే తిట్టి మరీ చెబుతారు.

నేను బీడీల కార్ఖానాలో చాటన్ పని చేస్తాను. ఆడవాళ్లు ఇళ్ల దగ్గర చుట్టి గంపల్లో తెచ్చిన బీడీలను కట్ట కట్టా చూసి, బాగున్నవి ఒక గంపలో, బాగాలేనివి ఇంకో గంపలో వేయడమే చాటన్. మూతి సరిగ్గా మడవనిది, నడుము లావైనది, దారం వదులైనది, ఆకు చిరిగినది నా చేతికి రాకముందే కంటికి తెలిసిపోతుంది. ముప్ఫై ఏళ్లుగా అదే పని. దారం చుట్టిన తీరు చూసి ఆ బీడీ ఎవరి ఇంట్లో తయారైందో చెప్పగలను. ఒకామె దారాన్ని ఒక చుట్టు ఎక్కువ తిప్పుతుంది. ఇంకొకామె మూతి మడిచేటప్పుడు గోరు గట్టిగా నొక్కుతుంది. ఊళ్లో చాలామంది ఆడవాళ్ల ముఖాలు మరిచిపోతాను గానీ వాళ్ల చేతిపని మరిచిపోను. దీని గురించి నాకు ఎప్పుడూ గొప్పగానే ఉండేది. ఆ గొప్పే ఆ ఆదివారం నన్ను పట్టించింది.

మా అమ్మాయి హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే మొదట్లో నేను 'ఎలుకల మీద' అనేవాణ్ని. పిట్లంలో మా చుట్టాలు ఆమెకు ఎలుకల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని కానీ లోపల ఛాతీ ఉబ్బేది. ఆమె చేసే పని నాకు అర్థం కాకపోయినా గర్వపడటానికి అర్థం కావడం అవసరం లేదనుకున్నాను. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయినవాణ్ని. మా ఇంట్లో అంతకు పైన ఏముంటుందో చూసిన మొదటి మనిషి ఆమె.

ఆ శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. సంచీలో బట్టల కంటే లాప్‌టాప్‌ను ఎక్కువ జాగ్రత్తగా పెట్టుకుంది. వాళ్లమ్మ అన్నం పెడుతూ అడిగింది.

"ఏందే గట్లున్నవ్? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్ననమ్మా. బుధవారం కమిటీ ఉంది. లెక్కలు ఇంకా కాలే. లెక్కపెట్టే పిల్లకు జ్వరమొచ్చి ఊరికి పోయింది."

"నువ్వే లెక్కపెట్టుకోరాదు?"

"నేను పెట్టొద్దు. నా బొమ్మలు నేనే లెక్కపెడితే నాకు కావల్సిందే కనపడతది."

ఆ మాట నేను విన్నాను. విని, అది నా గురించి కాదనుకున్నాను.

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఆమె తన పని మాకు విడమరిచి చెప్పింది. అంత ఓపికగా అంతకు ముందెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నా భార్య చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే వింటోంది. తల్లి కడుపులో ఉన్న ఎలుక పిల్లల నుంచి తీసిన కణాలను గాజు పల్లేల్లో పెంచుతారట. ఒక్కో కణం రెండుగా విడిపోయేటప్పుడు దాని లోపల రెండు చిన్న చుక్కలు అటొకటి ఇటొకటి నిలబడతాయి. వాటిని సెంట్రోసోములు అంటారు. ఆ రెండు చుక్కల నుంచి దారాలు బయలుదేరి, మధ్యలో ఉన్న క్రోమోజోములను పట్టుకుని సగం అటు, సగం ఇటు లాగుతాయి.

"చీర మడత పెట్టినట్టా?" అంది నా భార్య. "అటు కొస నువ్వు పట్టుకుంటవు, ఇటు కొస నేను పట్టుకుంట."

"అచ్చం గట్లనే అమ్మా! ఇగ మూడో మనిషొచ్చి నడుమల పట్టి గుంజిందనుకో?"

"చీర ఖరాబైతది."

"కణం కూడ ఖరాబైతది."

ఆ చుక్కను చెదిరిపోకుండా పట్టి ఉంచే ప్రోటీన్లు చాలా ఉన్నాయట. అందులో ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు మీదే మా అమ్మాయి మూడేళ్లుగా పనిచేస్తోంది. మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఒక అంకె, అదీ దాని పేరు. ఆ జన్యువును తీసేస్తే చుక్క ముక్కలై మూడు, నాలుగు అవుతుందని ఆమె అనుమానం. అది నిజమని బుధవారం కమిటీకి చూపాలి. చూపితే థీసిస్ ముందుకు సాగుతుంది. లేకపోతే ఈ జన్యువును వదిలేసి ఇంకోదానితో మొదటి నుంచి మొదలుపెట్టాలి.

"ఎలుకలు మనింట్లనే గిన్ని తిరుగుతయి కదనే. గా ఒక్కటి కోసం ఐదరాబాద్ దాక పోవుడెందుకు?" అంది నా భార్య. మా అమ్మాయి నవ్వింది. వచ్చాక మొదటిసారి నవ్వింది.

నవ్వి నా వైపు చూసింది. "బాపూ, నువ్వు లెక్కపెడ్తవా? నీ కన్ను మా ల్యాబ్‌ల ఎవ్వరికి లేదు."

ఇంకేం కావాలి నాకు? కార్ఖానాకు సెలవు రోజే. తలుపు దగ్గర వెలుతురులో కుర్చీ వేసుకుని, అద్దాలు తుడుచుకుని కూర్చున్నాను.

మూడు పల్లేల కణాలున్నాయి. ఒకటి మామూలు కణాలది. రెండోది జన్యువు తీసేసిన కణాలది. మూడోది జన్యువు తీసేసి, తర్వాత మళ్లీ పెట్టిన కణాలది. ఆ మూడు పల్లేల బొమ్మలన్నింటినీ కంప్యూటర్ కలగలిపి వాటికి ఉత్త నంబర్లు ఇచ్చింది. ఏ నంబరు ఏ పల్లేనిదో చెప్పే జాబితాను మా అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో పెట్టి వాళ్లమ్మ చేతికి ఇచ్చింది.

"లెక్క అయ్యేదాక నాకియ్యకమ్మా. అడిగినా ఇయ్యకు."

"తంబాకు డబ్బాల పెడ్త. దాంట్ల మీరెవ్వరు చెయ్యి పెట్టరు."

"నాకు గూడ దాచుడేంది బిడ్డా?" అన్నాను. కొంచెం మనసు నొచ్చుకున్న మాట నిజమే.

"నీకే దాచాలె బాపూ. నీకు ఎరుకైతే నీ కన్ను నామీద ప్రేమతోని చూస్తది."

నియమాలు చిన్న కాగితం మీద రాసి నా ముందు అంటించింది. ఆకుపచ్చ దారాలు తగిలి ఉన్న ఎర్ర చుక్కనే లెక్కపెట్టాలి. దారాలు లేని ఒంటరి చుక్కను వదిలేయాలి. అనుమానంగా ఉంటే 'చెప్పలేను' అనాలి. నేను చెప్పింది ఆమె రాసుకుంటుంది. తను మాత్రం తెర వైపు చూడదు.

మొదటి ముప్ఫై నలభై బొమ్మలు బాగా చూశాను. నిజాయితీగా చూశాను. నల్లటి నేపథ్యం మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు. ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. నా కూతురు తన చేతులతో తీసిన బొమ్మలు. ఒక్కో కణంలో అటొక ఎర్ర చుక్క, ఇటొక ఎర్ర చుక్క, మధ్యలో దారాలు. "రెండు," అంటే ఆమె "రెండు," అని రాసుకునేది. అప్పుడప్పుడూ మూడు వచ్చేవి. మూడు వచ్చినప్పుడు ఆమె కలం ఒక్క క్షణం ఆగేది. తల మాత్రం ఎత్తేది కాదు.

తర్వాత నా అలవాటు నన్ను పట్టుకుంది. కొన్ని బొమ్మల్లో నలుపు పూర్తి నలుపుగా లేదు, కాస్త బూడిద రంగు తిరిగి ఉంది. దాని మీద నలిగిన తంబాకు పొడిలా సన్నటి ఎర్ర నలుసులు. మిగతా బొమ్మల్లో అవి లేవు. మూడు చుక్కలు ఎక్కువగా వస్తున్నది ఈ బూడిద బొమ్మల్లోనే. ఒకే చేతి పని ఎన్ని కట్టల్లో కలిసినా నేను గుర్తుపట్టినట్టే, ఇవన్నీ ఒక్క పల్లేనివని పట్టేశాను. ఏ పల్లెం అన్నది కూడా తేలిపోయింది. జన్యువు తీసేసిన పల్లెం.

అప్పుడే చెప్పాల్సింది. "బిడ్డా, నాకు తెలిసిపోతోంది, ఆపు," అంటే సరిపోయేది. చెప్పలేదు. పైగా లోలోపల మురిసిపోయాను, కంప్యూటర్ దాచినదాన్ని నా కన్ను పట్టిందని.

ఆ తర్వాత బూడిద బొమ్మలో నలుసు ఒకటి దారానికి దగ్గరగా కనపడితే చాలు, "మూడు," అన్నాను. అదే నలుసు శుభ్రమైన బొమ్మలో కనపడితే వదిలేసి "రెండు," అన్నాను. మొదట అనుమానం ఉన్న చోటే అలా చేశాను. పోను పోను అనుమానం లేని చోట కూడా చేశాను. 'చెప్పలేను' అన్న మాట పొద్దంతా ఒక్కసారైనా నా నోటి నుంచి రాలేదు. మా చాటన్‌లో చెప్పలేను అనే గంప లేదు. ఇటో అటో వేసేయడమే ముప్ఫై ఏళ్లుగా నేర్చుకున్నాను.

మధ్యాహ్నానికి లెక్క పూర్తయింది. నా భార్య తంబాకు డబ్బాలోంచి పెన్‌డ్రైవ్ తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. మా అమ్మాయి కాసేపు ఏవో మీటలు నొక్కింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అమ్మా! వచ్చింది! మస్తుగ వచ్చింది!"

లేచి వాళ్లమ్మను పట్టుకుని ఊపేసింది. చాటలోంచి తునికాకులు కింద పడ్డాయి. వెంటనే హైదరాబాదుకు, తన గైడ్ మేడంకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మేడం, చాలా తేడా వచ్చింది. మా బాపు లెక్కపెట్టిండు. ముప్ఫై ఏండ్ల నుంచి బీడీలు చూసే కన్ను మేడం ఆయనది."

అవతలి నుంచి మేడం గొంతు నిదానంగా వచ్చింది. "చాలా సంతోషం అమ్మా. నాన్నగారికి థాంక్స్ చెప్పు. పేపర్ రాసినప్పుడు చివర్లో ఆయన పేరు కూడా రాద్దాం."

మా అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు కోసం ఏ తండ్రైనా ఏదైనా చేస్తాడు. నేను తల దించుకుని కాళ్ల దగ్గర పడిన ఆకులు ఏరడం మొదలుపెట్టాను.

అన్నం సహించలేదు. మూడు ఇళ్ల అవతల ఉండే అక్క అప్పుడే వచ్చింది. సొంత అక్క కాదు. అరవై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. వీధిలో అందరికీ అక్కే. మా అమ్మాయి ఊరికి వచ్చిందంటే చూడకుండా ఉండదు. నాతో మాత్రం ఆమెకు సరైన మాటల్లేవు. దాని వెనుక ఒక కథ ఉంది, అది కూడా నా తప్పే. ఏళ్ల క్రితం కార్ఖానాలో అందరి ముందు ఆమె, "చాటన్ సారుకు వాళ్లింట్ల బీడీలు మాత్రం మంచిగ కనపడ్తయి," అంది. నా భార్య గంపలోంచి నేను తక్కువ తీస్తానని ఎత్తిపొడుపు. అది నిజం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె గంప వస్తే నా చెయ్యి గట్టిపడింది. ఇంకొకరిదైతే వదిలేసే బీడీని ఆమెదైతే తీసేసేవాణ్ని. తీసేసిన బీడీ అంటే ఆమె కూర్చుని చుట్టిన పని వృథా అయినట్టే. గంప మీద పేరు చూడాల్సిన పని కూడా నాకు లేదు. ఆమె దారం నాకు తెలుసు.

అక్క చాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. మా అమ్మాయి పొద్దుటి ముచ్చటంతా సంతోషంగా చెప్పింది. నంబర్లు, పెన్‌డ్రైవ్, తంబాకు డబ్బా, ఏదీ వదల్లేదు. అక్క శ్రద్ధగా విన్నది.

"అంటె, ఎవల్దో తెల్వకుంట సూడాలన్నట్టు?"

"అంతే పెద్దమ్మా. తెలిస్తే చెయ్యి వంగుతది."

"మంచి ఇకమతే ఉంది," అని అక్క నా వైపు చూడకుండానే చాయ్ ఊదింది. "మా కార్ఖానల గూడ పెట్టరాదు బిడ్డా? గట్ల దాసిపెట్టి సూస్తె నా బీడీలు గిన్ని పోవు."

మా అమ్మాయి నవ్వేసింది. నా భార్య నవ్వలేదు.  అక్క నన్ను ఎత్తిపొడవడం కొత్త కాదు. కానీ ఆ రోజు ఆమె ఒక్క మాటతో పొద్దున నేను చేసినదీ, ఇన్నేళ్లుగా నేను చేస్తున్నదీ ఒకటేనని తేలిపోయింది. ఒక చోట ప్రేమతో, ఒక చోట పగతో. చెయ్యి వంగడం మాత్రం ఒకటే.

"బిడ్డా," అన్నాను. "ఆ లెక్క పనికిరాదు."

"ఏ లెక్క?"

"నేను చెప్పిందే. చానా వాటిల్ల రెండే ఉన్నయి. నేను మూడని చెప్పిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "కండ్లు గుంజినయా బాపూ? పర్వాలే, ఫికర్ చెయ్యకు. కొన్ని మళ్ల చూద్దాం."

"కండ్లు గుంజలే. ఏ బొమ్మ ఏ పల్లెందో నాకు తెల్సిపోయింది. తెల్సినంక నీకేం కావాల్నో అదే చెప్పిన."

 ఆకు కత్తిరిస్తున్న నా భార్య చేతిలో కత్తెర ఆగింది. మొదట మాట్లాడింది అక్కే.

"అయ్యో తమ్మీ! నాకు జేసినవంటె సరే. కన్నబిడ్డకే గట్ల జేస్తివా?"

మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మేడంకు చెప్పిన కద బాపూ! నీ పేరు చెప్పి మరీ చెప్పిన!" అని లేచి బయటకు వెళ్లిపోయింది. నల్లా దగ్గర నిలబడి ముఖం కడుక్కోవడం తలుపులోంచి కనపడింది. చాలాసేపు కడుక్కుంది. వెళ్లి ఏదైనా అనాలనుకున్నాను. నా భార్య చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు. నువ్వు మాట్లాడింది సాలు," అంది.

మా అమ్మాయి తిరిగి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది. నా పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

"ఎట్ల తెల్సింది నీకు? నాకు చూపియ్యి."

చూపించాను. బూడిద నలుపు, ఎర్ర నలుసులు, ఒకటి పక్కన ఒకటి పెట్టి చూపించాను. ఆమె జాబితా తెరిచి సరిచూసింది. ఒకటి, రెండు, పది. నేను బూడిద అన్న ప్రతి బొమ్మా ఆ ఒక్క పల్లేనిదే.

"ఆ పల్లేనికి రంగు ఏసింది తెల్లారి," అంది మెల్లగా. "మిగతా రెంటికి ముందు రోజు ఏసిన. రంగు సీసా గూడ వేరే. గమనించకపోవుడు నా తప్పే." జాబితా మూసి, "మా ల్యాబ్‌ల నలుగురు చూసిండ్రు ఇవి. ఎవ్వరు పట్టలే," అంది.

అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. అయినా ఆమె నన్ను తిట్టకుండా ఆ మాట అనడం గుర్తుండిపోయింది.

తర్వాత ఆమె చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటాను. ఆమె నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కమిటీ మెచ్చుకునేది. మూడేళ్లుగా ఆమె ఎదురుచూసిన జవాబే ఆ లెక్కలో ఉంది. ఫోన్ తీసి మళ్లీ మేడంకు చేసింది. ఈసారి కూడా స్పీకర్ పెట్టింది.

"మేడం, ఇందాక చెప్పిన లెక్క పడేస్తున్న. ఆ పల్లెం రంగు వేరుగ ఉంది. మా బాపుకు ఏది ఏదో తెల్సిపోయి ఎక్కువ చెప్పిండు. ఆయనే ఒప్పుకున్నడు."

 మేడం అంది. "ఇప్పుడే తెలియడం మంచిదైంది. రెండోసారి చేసిన ప్రయోగం ఉంది కదా, మూడింటికీ ఒకే రోజు రంగు వేసింది? బొమ్మలు తక్కువే. అయినా అవే లెక్కపెట్టించు. ఇద్దరితో, విడివిడిగా. తేడా రాకపోతే రాలేదనే చెబుదాం."

"సరే మేడం," అంది మా అమ్మాయి.  ఆమె ఏం చదువుతోందో నాకు అప్పుడు అర్థమైంది. పిట్లంలో చుట్టాలకు చెప్పుకునే గర్వం ఆ గదిలో నాకు చాలా చిన్నగా కనిపించింది. దాని చోట ఇంకో గర్వం వచ్చింది. అందులో నా వంతు ఏమీ లేదు. అందుకే కాబోలు, అది అంత గట్టిగా ఉంది.

కొత్త బొమ్మలు ఫోన్ నెట్ మీద దిగేసరికి సాయంత్రమైంది. మళ్లీ కలగలిపారు, మళ్లీ నంబర్లు, పెన్‌డ్రైవ్ మళ్లీ తంబాకు డబ్బాలోకి వెళ్లింది. లెక్కపెట్టేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. మా అమ్మాయి వాళ్లమ్మ వైపు, అక్క వైపు చూసింది.

"మేమా? మాకేం ఎరుకనే?" అంది నా భార్య.

"చుక్కకు దారం తగిలిందా లేదా అన్నదే. దారం సంగతి మీకంటె ఎవ్వరికి ఎరుక?"

అక్క కొంగు నడుముకు దోపుకుంది. "నేను జెప్త. కని ఈయన ఇంట్ల ఉండొద్దు."

"ఉండడు," అంది మా అమ్మాయి. నా వైపు తిరిగి, "బాపూ, నువ్వు రేపు కార్ఖానకు జెర ముందే పోవాలె," అంది.

సోమవారం పొద్దున గంట ముందే ఇంట్లోంచి బయటపడ్డాను. కార్ఖానాలో కూర్చున్నానే గానీ మనసు ఇంటి దగ్గరే ఉంది. మొదట నా భార్య లెక్క చెబుతుంది. తర్వాత ఆమె బయటకు వెళ్తే అక్క వచ్చి కూర్చుంటుంది. ఒకరు చెప్పింది ఒకరు వినకూడదు. మొదటి లెక్కలో నేను కలిపిన చుక్కలు తీసేస్తే ఏమైనా మిగులుతుందా? ఆ తేడా అంతా నేను కల్పించిందేనా? అలాగైతే ఆమె మూడేళ్లూ పోయినట్టే. శనివారం నుంచి మిగిలి ఆ పొద్దున నా చేతిలోంచి వెళ్లిన కట్టలు సరిగ్గా చూశానో లేదో తెలియక అన్నీ రెండోసారి చూశాను.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ముగ్గురూ నేల మీద కూర్చుని పల్లీలు తింటున్నారు. మా అమ్మాయి నన్ను చూసి చేతిలో పల్లీలు కింద పెట్టింది.

"చెప్పు బిడ్డా."

"నీ లెక్కంత తేడా లేదు బాపూ. కని ఉంది. ఇద్దరి లెక్కల్ల ఉంది. జన్యువు తీసేస్తె చుక్క పగుల్తది. మళ్ల పెడితె చానా వరకు రెండుకే వస్తది."

నేను గడపలోనే కూర్చుండిపోయాను. అక్క ఒక పల్లీ నోట్లో వేసుకుంది.

"నీ పెండ్లాం 'చెప్పలేను' అని ఇరవై సార్లన్నది. నేను ఇంకా ఎక్కువ సార్లన్న. గా మాట అంటె ఏం కాదు తమ్మీ, పండ్లు రాలవు."

"ఇద్దరికి కొన్నిట్లనే తేడా ఉంది," అంది మా అమ్మాయి. "మేడంకు పంపిన. బుధవారం ఇదే చూపిస్త." తర్వాత, "పేపర్ల అమ్మ పేరు, పెద్దమ్మ పేరు రాస్తరంట," అని నా ముఖం చూసి, మళ్లీ కిందికి చూసింది.

"మంచిది," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అన్నం తిని లేచేటప్పుడు అటక మీదున్న ఖాళీ గంప ఒకటి దించాను. ఎందుకని నా భార్య అడిగింది. చూద్దువు గానీ రమ్మన్నాను. సాయంత్రం ఆడవాళ్లంతా గంపలు తెచ్చే వేళకు నా రెండు గంపల మధ్య దాన్ని పెట్టాను. అందరూ వచ్చి వరుసలో కూర్చున్నారు. అక్క గంప నాలుగోది. నేను లేచి నిలబడ్డాను. 

"అక్కా, నువ్వు నా ఇంటి బీడీల గురించి అన్నప్పటి నుంచి నీ గంపల నుంచి నేను కావాలని ఎక్కువ తీసిన. నీ చెయ్యి నాకు ఎరుకే. ఎరుకైనందుకే తీసిన. తప్పు చేసిన."

 వెనకాల నుంచి ఎవరో, "ఆమె ఒక్కదానియేనా సారూ, ఇంకా ఉన్నయా?" అన్నారు. కొందరు నవ్వారు.  తెలియదని చెప్పాను. తెలియదు కాబట్టే ఈ గంప పెట్టానని చెప్పాను. ఇటో అటో తేల్చుకోలేని బీడీని ఇక నుంచి నేను తీసేయను, ఈ నడిమి గంపలో వేస్తాను. రోజూ మీలో ఇద్దరు పక్కన కూర్చుని అవి చూస్తారు. వాళ్లిద్దరూ బాగాలేదంటేనే పోతుంది. కార్ఖానా మేస్త్రీని మధ్యాహ్నం తిరిగి రాగానే అడిగి ఒప్పించాను. పని ఆలస్యమైతే నేను ఆగి పూర్తి చేస్తానని మాటిచ్చాను.

అక్క తన గంపను పక్కకు జరిపింది. "ఇన్నేండ్లవి ఎట్ల తెస్తవు తమ్మీ?" అంది.

"తేలేనక్కా."

"ఎరుకనే ఉంది గద." ఆమె లేచి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. "ఇగ సూడు. మొదాలు నీ ఇంటి గంప తియ్యి."

నా భార్య గంప ముందుకు జరిగింది. మూడో కట్టలో ఒక బీడీ నడుము దగ్గర కాస్త లావుగా అనిపించింది. లావేనా కాదా అన్నది నిజంగా తేల్చుకోలేకపోయాను. అంతకు ముందైతే అది చూపుకు కూడా ఆనకుండా మంచి గంపలోకి వెళ్లిపోయేది.

"చెప్పలేను," అని దాన్ని నడిమి గంపలో వేశాను.

"ఇంటికి రా, నీ సంగతి జెప్త," అంది నా భార్య వరుసలోంచి. ఆడవాళ్లంతా నవ్వారు. అక్క ఆ బీడీని తీసుకుని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తోంది.